మరియమ్మ పండుగనాడు రేవు చేరిన ఓడ

మాల్టా ద్వీపంలో ఆగస్టు 15 అంటే మరియమాత మోక్షారోపణ పండుగ. మా ఫిరంగిపురం వైపు పల్లెల్లో లాగే అక్కడా ఆ రోజు పూజలు, ఊరేగింపులు, చుట్టాల రాకపోకలు ఉంటాయి. వాళ్లకు ఆ తేదీతో ఇంకో జ్ఞాపకం కూడా ముడిపడింది. 1942లో సరిగ్గా ఆ పొద్దున ఒహాయో అనే చమురు ఓడ సగం మునిగి, రెండు పక్కలా నౌకాదళం ఓడలు పట్టుకుని ఉండగా వల్లెట్టా గ్రాండ్ హార్బర్‌లోకి వచ్చింది. ఆ ప్రయాణానికి బ్రిటిష్ వాళ్లు పెట్టిన పేరు ఆపరేషన్ పెడెస్టల్. మాల్టా వాళ్లు మాత్రం ఈనాటికీ దాన్ని సాంతా మరియా కాన్వాయ్ అనే అంటారు.

నేను కతోలికుణ్ని. ఉద్యోగం చేసినంత కాలం చమురు ట్యాంకర్ల ఇంజన్ రూముల్లోనే ఉన్నాను. అందుకే ఒహాయో కథ నన్ను వదలదు. తల్లి పండుగనాడే చేరింది గనక తల్లే చేర్చిందని నమ్మేవాళ్లు మాల్టాలో ఎందరో ఉన్నారు. పస్తులున్న బిడ్డల తల్లులు ఆ మాట అంటే కాదనడానికి నాకు నోరు రాదు. కానీ ఆ కాన్వాయ్‌లో బయల్దేరిన సరుకు ఓడలు 14. రేవు చేరినవి 5. సరుకు ఓడల మీదా, కాపలా నౌకల మీదా కలిపి ఐదు వందల మందికి పైగా చనిపోయారు. వాళ్లలోనూ జపమాల పట్టుకున్నవాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల ప్రార్థన ఏమైంది? దేవుడు ఐదు ఓడల్ని ఏరుకుని తొమ్మిదింటిని వదిలేశాడా?

ముందు జరిగింది చెప్పాలి. అది రెండో ప్రపంచ యుద్ధ కాలం. అప్పట్లో మాల్టా బ్రిటిష్ పాలనలో ఉంది. ఉత్తర ఆఫ్రికాలో పోరాడుతున్న జర్మన్ సేనాని రోమెల్ సేనకు తిండి, చమురు, మందుగుండు చాలామటుకు ఇటలీ నుంచి ఓడల్లో సముద్రం మీదుగానే వెళ్లాలి. మాల్టా నుంచి బయల్దేరే విమానాలు, సబ్‌మెరైన్లు ఆ ఓడల్ని ముంచేవి. అందుకని జర్మన్, ఇటాలియన్ విమానాలు ఆ చిన్న ద్వీపం మీద నెలల తరబడి బాంబులు కురిపించాయి. వచ్చే ఓడలు దారిలోనే మునిగిపోతున్నాయి. తిండి తరిగిపోయింది, చమురు అంతకంటే తరిగిపోయింది. ఇళ్లలో వంటకు కిరసనాయిలే దిక్కు. ఇలాగే సాగితే కొద్ది వారాల్లో లొంగిపోవాల్సి వస్తుందని అధికారులు లెక్క వేసుకున్నారు. ఒహాయోలో ఉన్నది సుమారు 11,500 టన్నుల కిరసనాయిలు, డీజిల్ చమురు. 1940లో అమెరికాలో కట్టిన ఆ ఓడను ఈ ప్రయాణం కోసమే బ్రిటిష్ సిబ్బందికి అప్పగించారు. కెప్టెన్ పేరు డడ్లీ మేసన్.

ఆగస్టు 9 రాత్రి తెల్లవారేలోపు కాన్వాయ్ జిబ్రాల్టర్ దాటింది. 11న ఈగిల్ అనే విమానవాహక నౌకను జర్మన్ సబ్‌మెరైన్ కొట్టింది. అంతటి నౌక నిమిషాల్లో మునిగింది. 12 సాయంత్రం ఆక్సమ్ అనే ఇటాలియన్ సబ్‌మెరైన్ ఒకే విడతలో వదిలిన టార్పెడోలు మూడు నౌకలకు తగిలాయి. అందులో ఒకటి ఒహాయో.

దెబ్బ తగిలింది ఎడమ పక్కన, పంప్‌రూము దగ్గర. పంప్‌రూమంటే ఏమిటో ఓడ ఎక్కనివాళ్లకు చెప్పాలి. డెక్కు మీద ఒక ఇనుప తలుపు ఉంటుంది. తెరిస్తే నిట్టనిలువుగా ఇనుప మెట్లు, ఒక తట్టు దిగితే ఇంకో తట్టు. పట్టుకునే కమ్మీ ఎప్పుడూ జిడ్డుగానే ఉంటుంది. అడుగున పంపులు, వాల్వులు, చేతి దళసరి గొట్టాలు. గోడకు అవతల చమురు. అక్కడికి గాలి తనంతట తాను రాదు, ఫ్యాన్లతో పంపాలి. ఎవరైనా దిగేముందు లోపలి గాలిలో విషవాయువు ఉందో లేదో మీటరుతో చూడాలి. ఓడ మొత్తం మీద దిగేముందు నేను సిలువ గుర్తు వేసుకునే చోటు అదొక్కటే. అలాంటి చోట 24 అడుగులు, 27 అడుగుల కంత పడింది. డెక్కు చీలిపోయింది. మంటలు లేచాయి. దిక్సూచి పాడైంది, ఓడను నడిపే బ్రిడ్జి గది నుంచి చుక్కాని తిప్పే వీలు పోయింది. మంటలు ఆర్పి, ఓడ వెనక భాగం నుంచి చుక్కాని తిప్పుతూ, లెడ్‌బరీ అనే డిస్ట్రాయర్ ముందు నడుస్తూ చూపించిన దీపం వెంబడి రాత్రంతా నడిపారు.

ఓడ ఎందుకు మునగలేదో నేను చెప్పగలను. ట్యాంకరు పొట్టను అడ్డగోడలతో విడివిడి ట్యాంకులుగా కడతారు. ఒకదానికి కంత పడినా మిగతావి తేలుస్తాయి. కిరసనాయిలు నీటికంటే తేలిక. పైగా పెట్రోలులా అది మామూలు వేడికే ఆవిరై భగ్గుమనదు. మర్నాడు పొద్దున దగ్గర్లోనే వస్తున్న వైమారామా అనే ఓడ మీద బాంబులు పడ్డాయి. ఆ ఓడలో విమానాల పెట్రోలు ఉంది. ఓడ పేలిపోయి నిమిషాల్లో మాయమైంది. చుట్టూ నీళ్ల మీద మంట పరుచుకుంది. ఏ ఓడకు ఏ సరుకు ఎక్కించాలన్నది బ్రిటన్ రేవుల్లో కాగితాల మీద తేలిపోయిన సంగతి. దాన్ని దేవుడి ఎంపిక అనడం నావల్ల కాదు. వైమారామా మీద పోయిన కుర్రాడి తల్లి ముందు నిలబడి, ఒహాయోను మరియమ్మ కాపాడిందమ్మా అని ఎలా అంటాం? ఆ మాట వెనక, నీ కొడుకును కాపాడలేదు అన్న రెండో మాట ఉంది.

ఇది నాకు పుస్తకంలో పుట్టిన ప్రశ్న కాదు. నాతో పనిచేసిన శ్రీకాకుళం జిల్లా పంప్‌మన్ ఒకతను పంప్‌రూములో దిగి చనిపోయాడు. కింద వాల్వు కారుతోందని హడావుడిగా పంపించారు. గాలి చూడలేదు. మీటరు బ్యాటరీ లేక మూలపడి ఉందని ఇంజన్ రూములో అందరికీ తెలుసు. శవంతో పాటు నేనూ వాళ్ల ఊరు వెళ్లాను. పందిరి కింద కూర్చున్న పెద్దమనిషి ఒకాయన ఆ తల్లితో, "అంతా దేవుడి చిత్తమమ్మా, మంచివాళ్లనే ముందు తీసుకుపోతాడు" అన్నాడు. ఆమె ఏమీ అనలేదు, కొడుకు చొక్కా మడతపెట్టి మళ్లీ విప్పి మళ్లీ మడతపెడుతూ కూర్చుంది. ఆయన ఓదార్చాలనే అన్నాడు. కానీ ఆ ఒక్క మాటతో మీటరు సంగతి దేవుడి లెక్కలోకి వెళ్లిపోయింది. ఎవరినీ ఏమీ అడిగే పని లేకుండా పోయింది. దైవనింద అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు గుర్తొచ్చేది ఆ మాటే.

క్రీస్తు కాలంలోనూ ఇదే జరిగింది. సిలోయము దగ్గర గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్లు మిగతావాళ్లకంటే పాపులు కనుకనే పోయారా అన్న ఆలోచనను ఆయన తిప్పికొట్టాడు. లూకా సువార్త 13వ అధ్యాయంలో ఉంది, చదువుకోవచ్చు. పోయినవాళ్లు ఎక్కువ పాపులు కాకపోతే, మిగిలినవాళ్లు ఎక్కువ పుణ్యాత్ములూ కారు. ఈ రెండో సగం మనం ఎప్పుడూ తలచుకోం. మాల్టాలోనే మోస్తా అనే ఊళ్లో మరియమాత గుడి ఉంది. 1942 ఏప్రిల్ 9న జనం లోపల ఉండగా పెద్ద గోపురాన్ని చీల్చుకుని బాంబు పడింది, పేలలేదు. అద్భుతమనే అందరూ అంటారు. అదే ఏడాది అదే ద్వీపంలో సొరంగాల్లో, ఆశ్రయాల్లో తలదాచుకున్నవాళ్లు బాంబులకు చచ్చిపోయారు. మోస్తా గుడిలో మోకరించి కృతజ్ఞత చెప్పుకోవడం నాకు న్యాయంగానే అనిపిస్తుంది. దాన్ని నిరూపణగా చూపించడం మాత్రం అనిపించదు.

అయితే ఒహాయో ప్రయాణంలో దేవుడు లేడా అంటే, ఉన్నాడనే నేను నమ్ముతాను. ఎక్కడున్నాడో చెప్పడానికి మాల్టాకే చెందిన ఇంకో ఓడ కథ కావాలి. పునీత పౌలును ఖైదీగా రోముకు తీసుకువెళ్తున్న ఓడ తుపానులో పడి ఆ ద్వీపం ఒడ్డునే బద్దలైంది. అపోస్తలుల కార్యములు 27వ అధ్యాయం అంతా ఆ కథే. సముద్రం మీద పనిచేసిన ఎవడికైనా అది చూసినవాడు చెప్పిన కథ అని వెంటనే తెలుస్తుంది. ఓడ విచ్చిపోకుండా దాని చుట్టూ తాళ్లు బిగించి కట్టడం, సరుకు సముద్రంలో పారబోయడం, లోతు కొలవడం, వెనక నుంచి లంగర్లు దించడం, అన్నీ ఉన్నాయి. ఓడలో ఉన్న 276 మందిలో ఒక్క ప్రాణం కూడా పోదని దేవదూత పౌలుకు ముందే మాట ఇచ్చాడు. అంతటి మాట చేతిలో ఉండగా నావికులు చిన్న పడవ దించుకుని పారిపోబోతే పౌలు ఏమన్నాడు? వీళ్లు ఓడలో ఉండకపోతే మీరెవరూ బతకరని సైనికులను హెచ్చరించాడు. సైనికులు పడవ తాళ్లు తెగ్గోశారు. దేవుడి వాగ్దానం నెరవేరాలన్నా పని తెలిసినవాళ్లు ఓడ విడిచిపోకూడదు. దైవసహాయం గురించి నేను చదివినవాటిలో ఇంతకంటే స్పష్టంగా చెప్పిన చోటు లేదు.

ఒహాయో మీద ఇదే జరిగింది. 13న విమానం ఒకటి కూలి నేరుగా దాని మీదే పడింది. చుట్టూ పడిన బాంబుల అదురుకు బాయిలర్లు ఆరిపోయాయి, ఇంజన్లు ఆగాయి. సిబ్బంది రెండుసార్లు ఓడ దిగారు, రెండుసార్లూ మళ్లీ ఎక్కారు. వాళ్ల సొంత ఓడ మునిగి బయటపడిన ఇద్దరు అమెరికన్లు తమంతట తామే వచ్చి తుపాకుల దగ్గర నిలబడ్డారు. ముందు నుంచి లాగితే ఓడ పక్కకు తిరిగిపోతోంది, తాళ్లు తెగిపోతున్నాయి. చివరికి డిస్ట్రాయర్లు పెన్, బ్రామ్‌హామ్, లెడ్‌బరీ దాన్ని పట్టుకున్నాయి. రెండు పక్కలా రెండు ఓడల్ని ఇనుప తాళ్లతో ఆనించి కట్టారు, నీట కుంగుతున్న ఓడను చంకలో చెయ్యి వేసి నడిపించినట్టు నడిపించారు. విమానాలు వస్తూనే ఉన్నాయి. నీళ్లు డెక్కు మీదికి వచ్చేస్తున్నాయి. తాళ్లు కోసేసుకుని వెళ్లిపోయి ఉంటే ఆ మూడు ఓడల మీదివాళ్లను ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

లెడ్‌బరీ కెప్టెన్ రోజర్ హిల్ సంగతి ఇక్కడ చెప్పి తీరాలి. అంతకు నెల ముందే ఆర్కిటిక్ సముద్రంలో పీక్యూ 17 కాన్వాయ్‌కు కాపలాగా వెళ్లాడు. పైనుంచి ఆజ్ఞ రావడంతో సరుకు ఓడల్ని వాటి దారిన వదిలేసి వెనుదిరగాల్సి వచ్చింది. వాటిలో 24 మునిగాయి. ఆ సిగ్గు తనను వదల్లేదని తర్వాత ఆయనే రాసుకున్నాడు. వైమారామా పేలినప్పుడు నీళ్ల మీద మండుతున్న చమురులోకి ఓడను తీసుకుపోయి మనుషుల్ని పైకి లాగించాడు. ఆ తర్వాత వచ్చి ఒహాయోకు తోడు నిలిచాడు. మా గురువులు పశ్చాత్తాపం గురించి ఎన్నో ప్రసంగాలు చెప్పారు. హిల్ చేసింది చదివాకే ఆ మాట నాకు పూర్తిగా అర్థమైంది.

ఇంకో సంగతి ఉంది, దాన్ని దాటవేస్తే నేను రాసిందంతా వట్టిదే. ఆక్సమ్‌లో ఉన్న ఇటాలియన్లు కూడా కతోలికులే. ఆగస్టు 15న వాళ్ల అమ్మలూ అదే మరియమ్మ ముందు కొవ్వొత్తులు వెలిగించి కొడుకులు క్షేమంగా రావాలని వేడుకునే ఉంటారు. ఒహాయో తెచ్చిన చమురు మాల్టాలో పొయ్యిలు వెలిగించింది, ద్వీపం నిలబడింది. అలా నిలబడిన మాల్టా నుంచే విమానాలు, సబ్‌మెరైన్లు మళ్లీ వెళ్లి ఇటలీ ఓడల్ని ముంచాయి. వాటి మీద ఉన్నవాళ్లలో నాలాంటి ఇంజన్ రూము మనుషులూ ఉన్నారు. ఫాసిస్టులు, నాజీలు ఓడిపోవాల్సిందేనని నేను గట్టిగా నమ్ముతాను. ఆ యుద్ధంలో ఎటు నిలబడాలన్న సందేహం నాకు లేదు. అయినా ఆ తల్లి ఒక బిడ్డ చేతికి చమురిచ్చి ఇంకో బిడ్డను ముంచమందని నమ్మను. అలా నమ్మాలంటే ఆమెను ఒక దేశం జెండా కింద నిలబెట్టాలి. యుద్ధం మనుషుల పని. దాని పాపమూ మనుషులదే.

ఒహాయో నుంచి చమురంతా తోడేసరికి దాని అడుగు రేవు నేలను తాకింది. కెప్టెన్ మేసన్‌కు జార్జ్ క్రాస్ పతకం ఇచ్చారు. ఓడ మళ్లీ సముద్రం మీదికి వెళ్లలేదు. 1946 సెప్టెంబరులో బయటికి లాగి నౌకాదళమే ఫిరంగులతో ముంచేసింది.

విశాఖ నుంచి, శ్రీకాకుళం నుంచి ఈ రోజుకీ మన పిల్లలు ట్యాంకర్లు ఎక్కుతూనే ఉన్నారు, క్షిపణులు పడుతున్న సముద్రాల్లోకి కూడా వెళ్తున్నారు. వాళ్లలో ఎవరైనా తిరిగి రాని ఇంటికి మీరు వెళ్లాల్సి వస్తే, దయచేసి దేవుడి చిత్తం అనకండి. ఆ తల్లి పక్కన కూర్చోండి. తర్వాత కంపెనీకి ఉత్తరం రాసిపెట్టండి. లోపలికి పంపేముందు గాలి చూశారా అని అడగండి. విచారణ నివేదిక ఇచ్చేదాకా, రావాల్సిన డబ్బు చేతికి వచ్చేదాకా ఆ ఇంటిని వదలకండి.