‘మాలపల్లి’ నవలలో దళిత పాత్రలు: సౌశీల్యం, న్యాయార్హత – ఒక పరిశీలన

అన్యాయానికి గురైన మనిషి సచ్ఛీలుడైతేనే అతనికి న్యాయం దక్కాలా? ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ (1922) నవల పాఠకుని ముందు ఈ నైతిక ప్రశ్నను నిలుపుతుంది. జాతీయోద్యమంలో పాల్గొని కారాగారంలో ఉన్న కాలంలో ఉన్నవ రాసిన ఈ నవలను బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. ఊరికి వెలుపల బతికే కుటుంబాన్ని కథకు కేంద్రం చేసి, గుంటూరు ప్రాంతపు వాడుక భాషకు చోటిచ్చిన రచనగా దాని చారిత్రక ప్రాధాన్యం నిర్వివాదం. ఆ ప్రాధాన్యాన్ని అంగీకరిస్తూనే, అందులోని పాత్రచిత్రణకు ఆధారమైన నైతిక భావనను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కుటుంబ పెద్ద రామదాసు వైష్ణవ భక్తుడు, వేదాంతం తెలిసినవాడు. ఎన్ని కష్టాలు వచ్చినా ద్వేషాన్ని దరిచేరనీయడు. అతని కుమారుడు సంగదాసు కూలీల పక్షాన నిలిచి, భూస్వామి చౌదరయ్య కొట్టిన దెబ్బకు ప్రాణాలు కోల్పోతాడు. మరో కుమారుడు వెంకటదాసు తిరగబడి తక్కెళ్ల జగ్గడవుతాడు. అయినా అతడు దోచేది సంపన్నులను, ఆదుకొనేది పేదలను. తండ్రి శాంతాన్ని, ఒక కొడుకు త్యాగాన్ని, మరొక కొడుకు ఆగ్రహాన్ని కూడా రచయిత సౌశీల్యంతోనే ముడివేశాడు.

ఈ చిత్రణకు బలమైన సమర్థన ఉంది. గుడికీ చదువుకూ దూరంగా ఉంచిన మనిషి నోట వేదాంతం పలికించడం ఆనాడు సాహసమే. జ్ఞానార్హత పుట్టుకతో వస్తుందనే వాదాన్ని రామదాసు పాత్ర తన ఉనికితోనే ఖండిస్తుంది. అయితే అతణ్ణి గొప్పవాడిగా నిలిపిన కొలమానం ఎవరిది? భక్తి, సహనం, క్షమ అనేవి ఊరు మెచ్చే గుణాలు. ఊరి కొలతకు సరితూగినందువల్ల రామదాసు గౌరవం పొందాడు. ఆ కొలతకు అందని మాలపల్లి మనిషి మాటేమిటనే ప్రశ్న మిగిలిపోయింది.

ఇది తెలుగు నవలకే పరిమితమైన సమస్య కాదు. హార్పర్ లీ ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ (1960) నవలలో అత్యాచార నేరం మోపబడిన నల్లజాతి యువకుడు టామ్ రాబిన్సన్ దయాళువు, వినయశీలి. శ్వేతజాతి న్యాయవాది అతని పక్షాన వాదిస్తాడు. టామ్ నిర్దోషిత్వంతో పాటు అతని మంచితనం కూడా పాఠకుణ్ణి కదిలిస్తుంది. కానీ టామ్ ముక్కోపి అయి ఉంటే ఆ తీర్పులోని అన్యాయం కొంతైనా తగ్గేదా? తగ్గదు. న్యాయానికి ఆధారం గుణం కాదని అప్పుడే స్పష్టమవుతుంది.

ఈ చిక్కుకు భిన్నమైన దారి మరిపెడ ప్రాంతపు సాహిత్యంలోనే కనిపిస్తుంది. పూర్వం మరిపెడ మండలంలో భాగమైన చిన్నగూడూరులో 1928లో జన్మించిన దాశరథి రంగాచార్య, ‘చిల్లర దేవుళ్లు’ నవలలో నిజాం కాలపు గడీని, ఆడబాప వ్యవస్థను చిత్రించారు. దొర ఇంటి పెళ్లికూతురి వెంట ఆమె అత్తవారింటికి పంపబడే ఆడబాపకు పెళ్లి చేసుకొనే హక్కు లేదు. తన దేహంపై తనకు అధికారం లేదు. అటువంటి స్త్రీ విషయంలో శీలాన్ని గురించిన చర్చే అర్థరహితం. ఎంపిక లేని చోట గుణదోష నిర్ణయం పొసగదు. అందువల్ల అక్కడ విచారణకు నిలబడవలసింది ఆ స్త్రీ కాదు, ఆమెను ఆడబాపగా మార్చిన వ్యవస్థ.

ఈ దృష్టితో చూస్తే ‘మాలపల్లి’ విలువ తగ్గదు. మన పఠన పద్ధతి మారుతుంది. తరగతి గదిలో రామదాసును ఆదర్శపాత్రగా కీర్తించి ఊరుకోవడం సులభం. కానీ ఈనాటికీ మా ప్రాంతంలో కూలివాడిపై దెబ్బ పడితే “పాపం, మంచోడు” అనేవారు ఒకరైతే, “వాడు తాగుబోతు గదా” అనేవారు మరొకరు. జాలిపడినా, తీసిపారేసినా ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే తక్కెడ. రామదాసును మెచ్చుకొనే పాఠకుడు కూడా తెలియకుండానే ఆ తక్కెడను పట్టుకొనే ప్రమాదం ఉంది.

సంగదాసు మంచివాడు కావడం నవలకు కరుణను సమకూర్చింది. అయితే చౌదరయ్య చేసినది నేరం కావడానికి ఆ మంచితనం అవసరం లేదు. చనిపోయినవాడు మనిషి కావడమే చాలు. వెలివేతకు గురైన పాత్రలను అధ్యయనం చేసే పరిశోధకుడు ఈ రెండింటి మధ్య ఉన్న భేదాన్ని ఎప్పటికప్పుడు గుర్తుంచుకోవాలి.