వైద్యుడూ మన పొరుగువాడే



ఖాజీపేటలో గానీ, ప్రొద్దుటూరులో గానీ సాయంత్రం పూట ఒక డాక్టరుగారి గది ముందు బల్ల మీద కాసేపు కూర్చుని చూడండి. జ్వరంతో కాలిపోయే పసిబిడ్డ, షుగరుతో కాలి పుండు మానని పెద్దాయన, నెలలు నిండిన కోడలు, ఆమె వెంట కంగారుపడే అత్త కనిపిస్తారు. ఎవరి బాధ వారికి పెద్దది. అది సహజమే. తలుపు వెనక ఉన్న మనిషి దగ్గరకు మాత్రం ఆ బాధలన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరుతాయి. ఆయన మధ్యాహ్నం అన్నం తిన్నాడా, రాత్రి నిద్రపోయాడా అని మనలో ఎవరమైనా ఎన్నడైనా అడిగామా?

మన సీమవారికి డాక్టరంటే ప్రేమ ఉంది. జమ్మలమడుగులో మిషనరీలు నెలకొల్పిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి పేరు తాతల నాటి నుంచి వింటున్నదే. అక్కడ పనిచేసిన డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి 1973లో పులివెందులలో ఆసుపత్రి తెరిచారు. రాజకీయ నాయకుడు కాకముందే పేదల డాక్టరుగా పేరు తెచ్చుకున్నారు. ఇటువంటి వారిని చూసే "డాక్టరు దేవుడితో సమానం" అంటాము. ఈ మాటలో గౌరవముంది, ప్రమాదమూ ఉంది. దేవునికి అలసట లేదు, పొరపాటు లేదు. మనిషిని తీసుకుపోయి ఆ పీట మీద కూర్చోబెడితే, అలసిపోయే హక్కు కూడా అతనికి లేకుండా పోతుంది. రోగి బ్రతికితే దండం పెట్టడం, చనిపోతే దండెత్తడం, రెండూ ఈ ఒక్క పొరపాటు నుంచే పుడుతున్నాయి.

ఇది ఉత్త మాట కాదు. 2022 మార్చిలో రాజస్థాన్‌లోని దౌసా జిల్లాలో కాన్పు తరువాత రక్తస్రావంతో ఒక తల్లి మరణించింది. బంధువులు ఆందోళన చేశారు. వైద్యం చేసిన డాక్టరమ్మ మీద పోలీసులు హత్య కేసు పెట్టారు. ఆ అవమానం భరించలేక ఆమె తన ప్రాణం తానే తీసుకుంది. మన రాష్ట్రంలోనూ వైద్యులపై దాడులను ఆపడానికి 2008లో ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది. చట్టం చేతిని ఆపగలదు గాని మనసును మార్చలేదు.

దాడులు అందరికీ ఎదురుకావు. లోలోపలి అరుగుదల మాత్రం చాలామందికి తెలుసు. చమురు అయిపోయాక దీపంలో వత్తే కాలినట్లు ఉంటుంది ఆ స్థితి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనిని రోగమని కాక, ఎడతెగని పని ఒత్తిడి వల్ల కలిగే స్థితిగా గుర్తించి మూడు లక్షణాలు చెప్పింది: శక్తి ఉడిగిపోవడం, చేసే పని మీద మనసు విరిగిపోవడం, తన వల్ల ఏమీ కావడం లేదనిపించడం. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ పథకం ప్రారంభమైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక డాక్టరు ఉంటే, మరొకరు 104 వాహనంలో పల్లెలకు వెళ్లి మంచాన పడిన వారిని ఇంటి దగ్గరే చూడాలన్నది ఏర్పాటు. పేదలకు ఇది మేలైన ఆలోచన. అయితే పథకాన్ని నడిపించేది కాగితం కాదు, మనిషి. ఆ మనిషి అరిగిపోతే నష్టపోయేది మళ్లీ పేదవాడే.

ఇక్కడ ఒకరు అడగవచ్చు: "డాక్టరు వృత్తే త్యాగం కదా! పునీతులైన వైద్యులు అలసటను లెక్కచేశారా?" న్యాయమైన ప్రశ్నే. నేపుల్స్ నగరంలో పేదలకు డబ్బు తీసుకోకుండా వైద్యం చేసిన జుసెప్పె మొస్కాతి 1927 ఏప్రిల్ 12న, ఆ రోజు కూడా రోగులను చూసి, కుర్చీలోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 46 ఏళ్లు. 1987లో తిరుసభ ఆయనను పునీతునిగా ప్రకటించింది. కాని ఒక్క సంగతి గమనించండి. ఆయన తన జీవితాన్ని తానే ఇచ్చుకున్నాడు. ఇచ్చుకుంటే అది త్యాగం. ఎదుటివాని నుంచి మనం లాక్కుంటే అది దోపిడి. ఒకరి పునీతత్వాన్ని చూపి మరొకరి నిద్రను అడిగే హక్కు మనకు లేదు. భోజనానికి కూడా తీరిక లేని శిష్యులను చూసి, ఏకాంత స్థలానికి వచ్చి కొంచెం విశ్రాంతి తీసుకోమన్నది ప్రభువే.

అలాగని నిర్లక్ష్యాన్ని సమర్థించడం లేదు. అక్కరలేని పరీక్షలు రాసినా, పేదవాణ్ణి కసిరినా తప్పు తప్పే. ప్రశ్నించవలసిందే. డాక్టరును మనిషిగా చూసినప్పుడే న్యాయంగా ప్రశ్నించగలం, న్యాయంగా క్షమించగలం.

మరి మనం ఏమి చేయగలం? మూడు రోజులుగా ఉన్న దగ్గుకు అర్ధరాత్రి తలుపు తట్టకుండా ఉండగలం. అవసరం లేదని చెప్పాక "ఒక్క సూది వేయండి సార్" అని పట్టుబట్టకుండా ఉండగలం. పాత చీటీలు దాచుకుని తీసుకువెళ్లగలం, వాడని మందులను వాడామని చెప్పకుండా ఉండగలం. నయమయ్యాక ఒకసారి వెళ్లి "తగ్గింది సార్" అని చెప్పిరాగలం. సాధారణంగా ఆయన దగ్గరకు బాధే వస్తుంది, సంతోషం ఇంటి దగ్గరే ఉండిపోతుంది.

మన విచారణలోని వైద్యులకూ ఒక మాట. మనసు బాగాలేనప్పుడు మరొక వైద్యుణ్ణి కలవడం అవమానం కాదు. "నలుగురికీ మందిచ్చేవాడికే మందా?" అని లోకం నవ్వుతుందని భయపడకండి. 14416 నంబరులో టెలీ మానస్ సేవ రాత్రింబవళ్లు అందుబాటులో ఉంది, అది మీకు కూడా. మీ భార్యకో, భర్తకో, ఒక స్నేహితునికో "నా వల్ల కావడం లేదు" అని చెప్పండి. అలా చెప్పిన వారిని గురించి వీధిలో గుసగుసలాడకుండా ఉండడం మన వంతు.

మంచి సమరీయుడు గాయపడిన వానికి నూనె పోసి కట్టు కట్టాడు. కట్లు కట్టేవాడే దారి పక్కన కూలబడితే మనం చూసీ చూడనట్లు వెళ్లిపోదామా? ఈసారి డాక్టరుగారి దగ్గరకు వెళ్లినప్పుడు, మీ బాధ చెప్పుకున్నాక ఒక్క క్షణం ఆగి, "మీరెట్లున్నారు సార్?" అని అడగండి.