ఎదురు చెప్పాల్సిన చోట

హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తున్నాను. విమానం తలుపులు మూశాక, కెప్టెన్‌గా తనని పరిచయం చేసుకుంటూ ఒక స్త్రీ గొంతు వినిపించింది. పక్క సీటులోని పెద్దాయన నా వైపు తిరిగి, "లేడీ పైలటటమ్మా! ఇంక ఆ వెంకటేశ్వరస్వామే దిక్కు" అని నవ్వారు. నేను నవ్వలేదు. ఆడవాళ్ళ మీద వేసే జోకులకి నవ్వకపోవడం నాకు ఎన్నో ఏళ్ళ అలవాటు. కానీ విమానం నేల వదిలే క్షణంలో నా వేళ్ళు కుర్చీ చేతుల్ని ఎప్పటికన్నా గట్టిగా పట్టుకున్నాయి. ఆయన పైకి అన్నమాటే నా వేళ్ళు లోలోపల అనుకున్నాయి. ఈ సంగతి ఒప్పుకోకుండా ఈ వ్యాసం రాయడం నిజాయితీ కాదు.

ఆ బెరుకుని కప్పిపుచ్చుకోడానికి నాకు నేనే ఒక మాట చెప్పుకున్నాను. "ఆడవాళ్ళు కాబట్టి మరింత జాగ్రత్తగా నడుపుతారు. అసలు తప్పే చెయ్యరు." ఇది స్త్రీల పట్ల గౌరవమనే చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు చిక్కంతా ఈ మాటలోనే ఉందనిపిస్తోంది. ఎన్నడూ తప్పు చెయ్యని మనిషిని కోరుకోవడం న్యాయమేనా? అదీ ఆ మనిషి స్త్రీ అయినందుకే కోరుకోవడం?

ఈ కోరికకి మన ఊళ్ళోనే పాత చరిత్ర ఉంది. ప్రేమ్ మాథుర్ 1947లో కమర్షియల్ పైలట్ లైసెన్స్ సంపాదించింది. ఆడమనిషివని ఎనిమిది కంపెనీలు తిప్పి పంపాక, ఆమెకి ఉద్యోగమిచ్చింది హైదరాబాద్‌లోని దక్కన్ ఎయిర్‌వేస్. అందుకు మనం గర్వపడొచ్చు. కానీ కథ అక్కడితో ఆగలేదు. కోపైలట్‌గా నడపాల్సినన్ని గంటలు నడిపినా, 1949లో జాతీయ విమాన పందెంలో గెలిచినా, ఆమెకి అక్కడ కెప్టెన్ కుర్చీ మాత్రం దక్కలేదు. విమానం నడపడం వచ్చా అన్న ప్రశ్నకి ఆమె ఎప్పుడో జవాబిచ్చేసింది. అయినా ప్రశ్న పోలేదు. ఎందుకంటే అది నైపుణ్యం గురించిన ప్రశ్న కాదు, అధికారం గురించిన ప్రశ్న.

విమానంలో స్త్రీ ఉండటం ఎవరికీ అభ్యంతరం కాదు, ఆమె ట్రే పట్టుకుని నడిచినంతసేపూ. అక్కడ కూడా మొదటి గర్భంతోనే ఎయిర్ హోస్టెస్‌ని ఇంటికి పంపే నిబంధనని కొట్టెయ్యడానికి 1981లో సుప్రీంకోర్టు తీర్పు కావలసి వచ్చింది. వెనక ఉన్న స్త్రీ అందంగా ఉండాలి, ముందున్న స్త్రీ అసాధ్యురాలై ఉండాలి. మామూలు మనిషిగా ఉండే వీలు ఇద్దరికీ లేదు.

ఇప్పుడు మన దేశంలోని పైలట్లలో స్త్రీలు 12 నుంచి 15 శాతం దాకా ఉన్నారు. ప్రపంచ సగటు 5 శాతం దరిదాపుల్లోనే ఉంది. 2021 జనవరిలో జోయా అగర్వాల్ కెప్టెన్‌గా నలుగురు స్త్రీలు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఉత్తర ధ్రువం మీదుగా విమానం తెచ్చారు. అందరం చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లలో కూడా ఒక పరీక్ష వాసన ఉంది. మగ పైలట్ విమానం దింపితే డ్యూటీ చేసినట్టు. స్త్రీ దింపితే నిరూపించినట్టు. అతను పొరబడితే అతని పొరపాటు. ఆమె పొరబడితే ఆడజాతి పొరపాటు.

అసలు విమానమెక్కినప్పుడు మనం నమ్మేది ఎవరిని? ముక్కూ మొహం తెలియని ఒక మనిషినా? కాదు. ఈ రంగం ఏ ఒక్క మనిషినీ పూర్తిగా నమ్మదు. ఎంత అనుభవజ్ఞుడైనా మళ్ళీ మళ్ళీ సిమ్యులేటర్‌లో పరీక్షకి కూర్చోవాలి. వైద్య పరీక్షలు చేయించుకోవాలి. కంఠతా వచ్చిన పనిని కూడా చెక్‌లిస్టు చూసి చెయ్యాలి. పక్కన మరో పైలట్ ఉండాలి. మనిషన్నాక పొరబడతాడు అన్న ఒప్పుకోలు మీదే ఈ భద్రత అంతా నిలబడింది.

ఈ ఒప్పుకోలు ఊరికే రాలేదు. 1977 మార్చి 27న స్పెయిన్‌కి చెందిన టెనరీఫ్ దీవిలో, పొగమంచులో రెండు జంబో జెట్‌లు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. టేకాఫ్ మొదలుపెట్టిన కెప్టెన్ సామాన్యుడు కాదు, తన కంపెనీలో ఇతర పైలట్లకి శిక్షణ ఇచ్చే పెద్ద. ఎదుటి విమానం రన్‌వే ఖాళీ చేసిందా అని ఫ్లైట్ ఇంజనీర్ సందేహం వెలిబుచ్చాడు. కెప్టెన్ కొట్టిపారేశాడు. ఆ ఇంజనీర్ మరి రెట్టించలేదు. ఇలాంటి ప్రమాదాల తర్వాతే, కింది ఉద్యోగి నిర్భయంగా అభ్యంతరం చెప్పడం, పైవాడు దాన్ని వినడం అన్నవి నేర్పించాల్సిన విద్యలయ్యాయి. నేర్పినంత మాత్రాన వచ్చేస్తాయా? 2010 మే 22న మంగళూరులో 158 మంది చనిపోయారు. దిగొద్దు, మళ్ళీ పైకి లేపుదామని కోపైలట్ మూడుసార్లు చెప్పినా కెప్టెన్ వినలేదని విచారణలో తేలింది.

ఈ రెండు ఘటనల్లోనూ కాక్‌పిట్‌లో ఉన్నది మగవాళ్ళే. "పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదు" అన్న నీతి వాళ్ళకీ ప్రాణాంతకమే అయింది. ఆ నీతిని ఉగ్గుపాలతో తాగించేది మాత్రం ఆడపిల్లలకి. ఎదురు చెప్పడమే ధర్మమైన చోటికి ఆ పిల్ల పెద్దదై వస్తుంది. వచ్చాక, "నాకు సందేహంగా ఉంది", "ఈ రాత్రి నిద్రలేదు, ఇవాళ నడపలేను" అని ఎలా అనగలదు? పిల్లకి జ్వరమొచ్చి రాత్రంతా మేలుకుందనో, నెలసరి నొప్పితో ఉన్నాననో చెబితే, "అందుకే ఆడవాళ్ళొద్దన్నాం" అనడానికి ఎవరో ఒకరు సిద్ధంగా ఉంటారు. అలసటని దాచుకోకుండా చెప్పడం పైలట్ బాధ్యత. ఎప్పుడూ నిరూపించుకుంటూ ఉండాల్సిన మనిషికి అది భరించలేని ఖర్చు. ఆ ఖర్చుకి భయపడి ఆమె దాచుకుంటే నష్టపోయేది ఆమె ఒక్కతే కాదు, వెనక కూర్చున్న వందమందికి పైగా మనుషులు కూడా.

ఈ ఒత్తిడి వల్ల మరింత జాగ్రత్తగా ఉంటారు కదా అనే స్నేహితులున్నారు. జాగ్రత్త వేరు, భయం వేరు. ఆ రోజు ఢిల్లీలో నేలకి దగ్గరగా వచ్చిన మా విమానం ఒక్కసారిగా మళ్ళీ పైకి లేచింది. "చూశారా, దింపడం రాలేదు" అన్నారు పెద్దాయన. కాసేపటికి కెప్టెన్ గొంతు వినిపించింది. గాలి సరిగ్గా లేదని, మళ్ళీ ప్రయత్నిస్తామని, తొణకకుండా చెప్పింది. తన గురించి మనం ఏమనుకుంటామో ఆమెకి తెలియదా? తెలిసీ పైకి లేపింది. అది జాగ్రత్త. మన మాటకి జడిసి ఎలాగోలా దింపి ఉంటే, అది భయం.

కాబట్టి పెద్దాయన జోకు ఒక స్త్రీకి అవమానం మాత్రమే కాదు. అది భద్రతకి పెట్టే బీట. "ఆడవాళ్ళు తప్పు చెయ్యరు" అన్న నా పొగడ్త కూడా అలాంటి బీటే. ఆమెకి కావలసింది మన జోకూ కాదు, పొగడ్తా కాదు. సందేహాన్ని పైకి చెప్పినా, అలసిపోయానని ఒప్పుకున్నా, పొరబడి దిద్దుకున్నా కుర్చీ కదలదన్న హామీ. మగవాళ్ళకి అడక్కుండానే దొరికిన హామీ అది. స్త్రీలకి కెప్టెన్ కుర్చీ దొరకడం సగం పనే. పక్క కుర్చీలోంచి ఎవరు ఎదురు చెప్పినా వినగలిగేలా ఆ కుర్చీ స్వభావం మారడం మిగతా సగం. ఆ సగం ఇంకా మిగిలే ఉంది, ఆకాశంలోనూ, మన ఇళ్ళల్లోనూ.