బురదలో మిగిలిన కర్మ

1927లో మహాడ్ చెరువు నీళ్లు తాగి బాబాసాహెబ్ మన హక్కు చాటారు. ఆ నీళ్ల అడుగున ఏముందో అడగాల్సిన రోజులివి.

కేరళలో పెరియార్ ఒడ్డున ఎలూర్ ఉంది (మన ఏలూరు కాదు). అక్కడ తయారైన డీడీటీ మలేరియా నుంచి ఎందరినో కాపాడింది, కాదనం. అదే డీడీటీ వాగు బురదలోనూ చేరింది. అది నీళ్లలో కరగదు, కొవ్వులో నిలుస్తుంది. పురుగు నుంచి చేపకు, చేప నుంచి తల్లిపాలకు పెరుగుతూ పోతుంది. 1989లో పొలాల్లో ఆపినా, పాతది అంత తొందరగా చావదు.

ఆ చేప తిన్న ఇంట జబ్బు వస్తే పూర్వజన్మ కర్మ అంటారు. బాబాసాహెబ్ తోసిపుచ్చింది ఆ మాటనే. ఇక్కడ చేసినవాడొకడు, అనుభవించేవాడింకొకడు. అయితే దోమలమందు కొట్టించుకున్న గోడలు మనవి కూడా. మన వంతు లేదనగలమా?

పాడుచేసినవాడే చెల్లించాలని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. సరే, చెల్లిస్తాడు. బురద తీయడానికి గంపిచ్చి ఎవరిని దింపుతారో మనకు తెలుసు. చేతితొడుగులు, వైద్య పరీక్షలు కాగితం మీద రాసివ్వందే మన పిల్లలు దిగరని ఇప్పుడే చెప్పాలి.