సగం ఖాళీ

మా గుమ్మఘట్టలో విత్తనం వేసే రోజులొస్తే అమ్మా నాయనా పంచలో కూర్చుని శెనక్కాయ పప్పుకు మందు పట్టించేవాళ్లు. కిలో పప్పుకు 3 గ్రాముల మాంకోజెబ్ పొడి. పప్పునూ పొడినీ గోనెసంచిలో పోసి, చెరో కొసా పట్టుకుని నిదానంగా అటూ ఇటూ దొర్లించేవాళ్లు. గట్టిగా రుద్దితే పైపొర లేచిపోతుంది, పొర లేచిన పప్పు సరిగా మొలవదు. తొందరగా పని అయిపోవాలని నేను సంచి నింపబోతే అమ్మ నా చెయ్యి పట్టుకునేది. "సగానికే పొయ్యిరా. నిండా పోస్తే యాడ దొర్లుతాది?"

ఆ మాట విలువ నాకు హైదరాబాదు శివార్లలో తెలిసింది. మాత్రలు చేసే ఒక ఫ్యాక్టరీలో పొడులు కలిపే యంత్రం దగ్గర 22 ఏళ్లు పనిచేశాను. డబుల్ కోన్ బ్లెండర్ అంటారు దాన్ని. రెండు పెద్ద గరాట్లను వెడల్పు మూతుల దగ్గర అతికించినట్టుండే స్టీలు పాత్ర అది. ఇరుసు మీద మెల్లగా పల్టీలు కొడుతుంది. లోపలి పొడి జారుతుంది, విడిపోతుంది, మళ్లీ వచ్చి కలుస్తుంది.

రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్ మాత్ర సంగతి చెబుతాను. మేము చేసే మాత్ర బరువు 200 మిల్లీగ్రాములు. అందులో మందు 7 మిల్లీగ్రాములకు కాస్త తక్కువే, తక్కినదంతా మందును మోసే పొడి. 200 కిలోల పొడి కలిపితే 10 లక్షల మాత్రలు. అంటే ఏడు కిలోలు కూడా లేని మందు 10 లక్షల మందికి సమంగా అందాలి. అందుకే మందును ఒక్కసారిగా కుమ్మరించం. ముందు దానికి సమానమైన పొడితో కలుపుతాం, తర్వాత దానికి రెట్టింపు, ఆ తర్వాత ఇంకా రెట్టింపు. చిట్టచివర మెగ్నీషియం స్టియరేట్ వేసి కొద్ది నిమిషాలే తిప్పుతాం. అది ఎక్కువసేపు తిరిగితే ప్రతి రేణువుకూ పొరలా పట్టి, మాత్ర గట్టిపడదు, కడుపులో సరిగా కరగదు. కలపడం తెలిసినవాడికి ఆపడమూ తెలియాలి.

ఒక రాత్రి షిఫ్టులో, రెండు విడతల పని ఒకే విడతలో ముగిద్దామని, నింపాల్సిన గీత దాటించి పాత్ర నింపాను. చెప్పిన సమయమంతా యంత్రం తిరిగింది. తెల్లవారి పది చోట్ల నుంచి నమూనాలు తీస్తే ఒకచోట మందు ఎక్కువ, ఇంకోచోట తక్కువ. ఆ సరుకంతా పారేయాల్సి వచ్చింది. తప్పు నాదే. నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం మరొకటి. పాత్రలో మందు గ్రాము కూడా తగ్గలేదు. ఉండాల్సినదంతా ఉంది, చేరాల్సిన చోట లేదు. అలాంటిదాన్ని పూర్ణమని అనవచ్చా?

మా సీమ రైతుకు ఈ ప్రశ్న కొత్తది కాదు. అనంతపురంలో ఏడాదికి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ లెక్క నిండిన ఏడు కూడా పంట ఎండిపోవచ్చు. శెనక్కాయ ఊడలు దిగే వేళ పడని వాన, ఇంకెప్పుడు ఎంత కురిసినా చేను తిరిగి కోలుకోదు.

చాలా ఏళ్ల తర్వాత రాయదుర్గంలో ఒక ప్రవచనంలో పంచీకరణం గురించి విన్నాను. విద్యారణ్యుల పంచదశి మొదటి ప్రకరణంలో ఉన్న విషయమే. స్థూల సృష్టికి ముందు ఐదు భూతాలూ విడివిడిగా ఉన్నాయి. భగవంతుడు ఒక్కొక్కదాన్నీ రెండుగా చేశాడు. ఒక సగం దాని దగ్గరే ఉంచాడు. రెండో సగాన్ని నాలుగు పాళ్లు చేసి, తక్కిన నాలుగింటికీ తలా ఒకటి ఇచ్చాడు. అందుకే మనం తొక్కే మట్టిలో సగమే మట్టి. నీరు, నిప్పు, గాలి, ఆకాశం తలా ఎనిమిదో వంతు. సగం తనదే కాబట్టి మట్టి అనే పేరు పోలేదు.

వింటూ వింటూ నేను గోనెసంచి దగ్గరికి వెళ్లిపోయాను. మట్టి ముందు తనలో సగం వదులుకుంది. అప్పుడే ఇతరులకు చోటు ఏర్పడింది. కలయికకు మొదటి మెట్టు ఖాళీ కావడమే.

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు ఉప్పు కరిగిన నీళ్లు చూపించి బోధిస్తాడు. ఉప్పు కంటికి కనిపించదు, ఏ మూల రుచి చూసినా ఉంటుంది. ఆ బోధకు నేను చేతులు జోడిస్తాను. అయితే మనుషులం ఉప్పులా కరగలేం. మనది పొడుల కలయిక. ఏ రేణువు ఆ రేణువుగానే ఉంటుంది, అయినా ఏ చిటికెడు తీసినా అందులో అందరూ ఉండాలి. పీర్ల పండుగనాడు నిప్పులగుండం దగ్గర ఒక్కొక్కరూ ఒక్కో దేవుణ్ణి తలుచుకుంటూ, తెలుగులోనూ కన్నడంలోనూ మొక్కుకుంటూ నిలబడేవాళ్లను చిన్నప్పటి నుంచీ చూశాను. ఎవరూ తమ పేరు వదులుకోరు. పక్కవాడికి చోటు మాత్రం వదులుతారు.

నాకు అర్థమైన పూర్ణం ఇదే. అంచుదాకా నింపడం పూర్ణం కాదు, ఏ చిటికెడులోనూ లోటు లేకపోవడం పూర్ణం. గర్భగుడిలో నిండి, ఊరి చివరి వీధికి అందని దైవం నేను చెడగొట్టిన సరుకు లాంటిదే. తప్పు దైవానిది కాదు. "నేను", "నాది" అని పాత్రను అంచుదాకా నింపుకున్న మనది.

ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నాను. విత్తనశుద్ధికి చేత్తో తిప్పే డ్రమ్ము వచ్చింది. మొన్న పప్పు పోస్తుంటే మంచం మీద నుంచి అమ్మ అడిగింది, "నింపినావా ఏంది?"

"లేదమ్మా, సగమే."

తలూపి, పొద్దుటి బీపీ మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. ఎవరు కలిపారో ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. ఆమె వంతు మందు ఆమెకు అందుతోంది. ఎక్కడో ఒక రాత్రి, ఒకరు తమ పాత్రలో చోటు వదిలారు.