నిలిచినదెల్ల నిత్యమా?

స్థిరత్వమునకు ఉపమానముగా మనము కొండను చూపుదుము. చాంచల్యమునకు అలను చూపుదుము. ఈ రెండును ఎదురుపడిన చోట నిలుచునది ఏది? తొలగునది ఏది? ఈ ప్రశ్నను విచారించుటకు రాతి సముద్రతీరము తగిన స్థలము.

ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రపు దక్షిణతీరమున, పోర్ట్ క్యాంప్‌బెల్ సమీపమునందు, కడలి నీటిలో ఒంటరిగా నిలిచిన సున్నపురాతి స్తంభములు కలవు. క్రీస్తు శిష్యుల పేర వానిని ‘ట్వెల్వ్ అపోసల్స్’ అనగా ‘పన్నెండుగురు శిష్యులు’ అందురు. వానిని నిలిపినవారు లేరు. అవి ఒకప్పటి తీరపు కొండలో మిగిలిన శేషములు.

అల కొండను ఒక్కసారిగా కూల్చదు. దానియందలి పగులును వెదకును. పగులులో జొచ్చిన నీరు లోపలి గాలిని నొక్కును. తాను మోసికొని వచ్చిన ఇసుకతో, రాళ్లతో గోడలను ఒరయును. క్రమముగా పగులు గుహయగును. సముద్రములోనికి పొడుచుకొని వచ్చిన కొండను గుహ ఈవలనుండి ఆవలకు తొలిచినచో తోరణమగును. తోరణపు పైభాగము కూలినచో ఆవలి భాగము స్తంభమై మిగులును. తుదకు ఆ స్తంభపు మొదలును కూడ అలలే తొలుచును. స్తంభమును చెక్కిన శక్తియే దానిని కూల్చుచున్నది.

ఆ తీరముననే ‘లండన్ బ్రిడ్జ్’ అను జంట తోరణముండెను. 1990 జనవరి 15న, భూభాగముతో దానిని కలుపు తోరణము హఠాత్తుగా కూలెను. ఆవలికి దాటిపోయిన ఇద్దరు సందర్శకులు సముద్రమధ్యమున చిక్కుకొనగా హెలికాప్టరుతో రక్షించిరి. 2005 జూలై 3న సుమారు 50 మీటర్ల స్తంభమొకటి క్షణములలో రాళ్లకుప్పయైనది. అంతకుముందే పన్నెండుకంటె తక్కువగా ఉన్నవానిలో మరియొకటి తగ్గెను. పేరు మాత్రము పన్నెండుగనే యున్నది!

ఆ ఇద్దరును దాటినప్పుడు వంతెన వారి కంటికి దృఢముగనే తోచియుండును. మెల్లగా జరుగు మార్పును స్థిరత్వమని భ్రమించుట మానవ స్వభావము. మాటపట్టింపుతో అన్నదమ్ముల నడుమ ఏర్పడిన పగులును ‘చిన్నదే కదా’ యని ఉపేక్షింతుము. ఆచరణ తొలగిపోయినను, వంశపు పేరును, సంస్థ పేరును చెప్పుకొని తృప్తిపడుదుము.

అటులైన, ఎన్నటికైనను నశించునదానిని ఆదరించుట యెందులకని కొందరడుగవచ్చును. ఈ తర్కము యుక్తము కాదు. నిత్యమైనదానికి మన రక్షణతో పనిలేదు. నశ్వరమైనదానికే మన శ్రద్ధ కావలెను. కడలి తొలుచు రాతికి తన పగులును తాను పూడ్చుకొను శక్తి లేదు. మనుష్యునకు ఆ శక్తి కలదు. పాఠకులారా! కలిగియుండియు దానిని వినియోగింపకుండుటయే దోషము. తలిదండ్రుల సేవయైనను, తోబుట్టువుతో సమాధానమైనను, రేపటికని వాయిదా వేయరాదు.