గడీ న్యాయం

2024 మే 1 సాయంత్రం నేను మానుకోటలో ఉన్నాను. కాగితాల మీద మహబూబాబాదే అయినా ఇక్కడి వాళ్ల నోట అది మానుకోటే. లంబాడీ స్త్రీల పాటల కోసం తండాలు తిరిగి వస్తూ బస్టాండ్‌లో చిక్కుకుపోయాను. మాజీ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్‌రావు బస్సు యాత్ర ఊళ్లో ఉంది. ఆ రాత్రి 8 గంటల నుంచి 48 గంటల పాటు ఆయన ప్రచారం చేయకూడదని ఎన్నికల సంఘం ఆదేశించింది. ఏప్రిల్ 5న సిరిసిల్లలో కాంగ్రెస్ నాయకుల మీద ఆయన చేసిన వ్యాఖ్యలు అందుకు కారణం. పక్కన కూర్చున్న పెద్దామె నన్నడిగి సంగతి తెలుసుకుని, "రెండు దినాలేనా బిడ్డా? మమ్ముల నోరు మూస్కోమని ఎన్నేండ్ల సంది అంటున్రు, దానికి గడువే లేకపాయె" అంది.

అప్పుడు నవ్వేశాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. నాయకుల నోరు కట్టేయొచ్చా, కట్టేస్తే ఆ పని ఎవరు చేయాలి అన్న ప్రశ్న నాలో మొదలైంది అక్కడే.

ఎన్నికల సంఘం చేసిన దాని మీద ఎన్ని విమర్శలున్నా, నోటీసిచ్చింది, జవాబు తీసుకుంది, కారణం రాసింది, గడువు చెప్పింది. దీని పక్కన ఇంకో నిషేధాన్ని పెట్టి చూద్దాం. హైదరాబాద్ గోషామహల్ ఎమ్మెల్యే టి. రాజాసింగ్‌ను ఫేస్‌బుక్ 2020 సెప్టెంబర్‌లో నిషేధించింది. ముస్లింల మీద ఆయన విద్వేష ప్రసంగాలు అంతకు ముందు లేవా అంటే, ఏళ్ల తరబడి ఉన్నాయి. అంతకు ముందు నెలలో వాల్ స్ట్రీట్ జర్నల్ ఒక కథనం రాసింది. ఆయనను తొలగించాలని కంపెనీలోని ఉద్యోగులే తేల్చినా, వ్యాపారం దెబ్బతింటుందని పైవాళ్లు అడ్డుకున్నారన్నది ఆ కథనం సారాంశం. పరువు పోయాకే నిషేధం వచ్చింది. ఆ ఖాతాలు తనవి కావని ఆయనన్నారు. 2023 డిసెంబర్‌లో మళ్లీ గెలిచారు కూడా.

ఆ నిషేధం విన్నప్పుడు నేను సంతోషించానని ఒప్పుకోవాలి. పాతబస్తీలో ఉండే నా స్నేహితురాలు ఆ రోజు హాయిగా నిద్రపోయానని చెప్పింది. ఆమె నిద్రను నేనే సిద్ధాంతంతోనూ కొట్టిపారేయలేను. కానీ ఆ హాయి ఎవరి దయ వల్ల వచ్చింది?

నేను పుట్టింది జనగామ దగ్గర. పాలకుర్తి చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన కథలు వింటూ పెరిగాను. మా అమ్మమ్మ గడీ గురించి చెప్పేటప్పుడు దొర కొట్టాడని మాత్రమే చెప్పేది కాదు. ఫిర్యాదూ ఆయనకే, విచారణా ఆయనదే, తీర్పూ ఆయనదే అని చెప్పేది. ఒక్కోసారి దొర న్యాయంగానే తీర్పిచ్చేవాడట. అయినా అది ఆయన బుద్ధి పుట్టినప్పుడు ఇచ్చింది. మళ్లీ అడిగే హక్కు ఎవరికీ లేదు. ఈనాటి సామాజిక మాధ్యమాల కంపెనీలను చూస్తే నాకా గడీయే గుర్తొస్తుంది.

ఈ గడీలో నాయకులకు శిక్ష కంటే ముందు మినహాయింపే దొరికింది. రాజకీయ నాయకుల మాటలు వార్తలతో సమానం కనుక మామూలు నియమాలు వాటికి సాధారణంగా వర్తించవని ఫేస్‌బుక్ 2019 సెప్టెంబర్‌లో ప్రకటించింది. 2021 జనవరిలో వాషింగ్టన్‌లో పార్లమెంటు భవనం మీద దాడి జరిగాక డొనాల్డ్ ట్రంప్‌ను మాత్రం గడువు చెప్పకుండా ఆపేసింది. ఆపడం సరైందే గానీ గడువు లేని శిక్ష మీ నియమాల్లోనే లేదని, కంపెనీ నియమించిన పర్యవేక్షణ మండలే ఆ మే నెలలో తప్పుపట్టింది. మినహాయింపును 2021 జూన్‌లో ఎత్తేశారు. ట్రంప్ ఖాతాలు 2023లో తిరిగి తెరుచుకున్నాయి.

నిషేధమనే ఆయుధాన్ని చూసి స్త్రీలుగా మనం భయపడడానికి మన కారణాలు మనకున్నాయి. 2021 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం 16 సంఘాలను నిషేధించింది. అందులో విరసం ఉంది, చైతన్య మహిళా సంఘం ఉంది. కొన్ని నెలలకే ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకున్నారు. అది ప్రభుత్వం చేసిన పని, కంపెనీ చేసింది కాదు. కానీ ఎవరి చేతిలో ఉన్నా ఆ ఆయుధం మన దాకా రావడానికి ఎంతో కాలం పట్టదు. నా అనుభవమూ అదే. స్త్రీలను కించపరిచిన ఒక నాయకుడి మాటలను విమర్శించడానికి ఉదహరిస్తే, ఒక మాధ్యమం నా రాతను తీసేసింది. ఆయన ప్రసంగం వీడియో అలాగే ఉంది.

ఈ వాదనంతా పట్టుకుని భూపాలపల్లి వెళ్లాను. స్థానిక సంస్థల్లో స్త్రీల భాష గురించి నేను మాట్లాడుతున్న వాళ్లలో అక్కడి ఒక మాజీ సర్పంచ్ ఉంది. గ్రామ నిధుల లెక్క అడిగినందుకు ఒక స్థానిక నాయకుడు ఆమె శీలం గురించి మాట్లాడి, ఆ వీడియోను తన ఖాతాలో పెట్టాడు. ఆమె కొడుకు ఫిర్యాదు చేస్తే, మా నియమాలను ఉల్లంఘించలేదని ఇంగ్లీషులో జవాబొచ్చింది. ఠాణాలో రేపు మాపు అన్నారు. నేను గడీ పోలిక చెప్పాను. ఆమె శాంతంగా విని, "గడీ అయితేంది, కోర్టు అయితేంది చెల్లె? ముందు అది తీసెయ్యమను. తరువాత నువ్వూ నేనూ గడీ గురించి మాట్లాడుకుందాం" అంది.

నా దగ్గర జవాబు లేదు. న్యాయం ఏ చేతి నుంచి రావాలో తీరిగ్గా ఎంచుకునే వెసులుబాటు నాకుంది, ఆమెకు లేదు. ఆ రాత్రి నా వాదనను మళ్లీ మొదటి నుంచి కట్టుకోవలసి వచ్చింది.

నాయకుణ్ని నిషేధించాలా వద్దా అన్న చోట మొదలుపెట్టడమే పొరపాటని ఇప్పుడు అనుకుంటున్నాను. మనిషి కంటే ముందు మాటను చూడాలి. ఒక స్త్రీనో ఒక మతాన్నో వేటాడే మాటను, మాట్లాడింది ఎవరైనా వెంటనే ఆపాలి. పదవి ఉన్న వాడి మాట ఎక్కువ మందిని కదిలిస్తుంది కనుక అతనికి నియమం ఇంకా కఠినంగా ఉండాలి, సడలకూడదు. మళ్లీ మళ్లీ చేస్తే ఖాతా ఆపాలి. కానీ గడువు చెప్పి, కారణం తెలుగులో రాసి, కంపెనీతో సంబంధం లేని చోట అప్పీలుకు దారి ఉంచి ఆపాలి. ఆ దారి గోషామహల్ ఎమ్మెల్యేకు ఎంత తెరిచి ఉంటుందో భూపాలపల్లి సర్పంచ్‌కూ అంతే తెరిచి ఉండాలి. అంతవరకూ కంపెనీ చేసిన నిషేధం మంచిదైనా నేను దాన్ని ఊరటగానే తీసుకుంటాను, న్యాయమని పిలవలేను.

నిషేధిస్తే నాయకుల వాక్ స్వాతంత్ర్యం ఏమవుతుందని అడిగే మిత్రులకు ఒక సంగతి చెప్పాలి. 2025 డిసెంబర్‌లో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఆమె నామినేషన్ వేయలేదు. ఇంట్లో వాళ్లు వద్దన్నారట, తనకూ మనసొప్పలేదట. ఆమె మీద ఏ ఆదేశమూ లేదు, ఏ ఖాతా మూతపడలేదు. ఆ వీడియో మాత్రం నేను చివరిసారి చూసినప్పుడు కూడా అక్కడే ఉంది.